వంశవృక్షంలో కొమ్మలన్నీ మగవాళ్లేనా?

వంశవృక్షం అన్న మాట వినగానే అదేదో పెద్దింటివాళ్ల సరదా అనుకుంటాం. లేదా పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్ల అవసరం అనుకుంటాం. స్త్రీల హక్కుల కోసం పనిచేసేవాళ్లకు దానితో పనేమిటని కూడా అనిపించవచ్చు. కానీ ఆస్తి పంపకం దగ్గర, ఓటరు జాబితా దగ్గర, చివరకు ఈ దేశంలో నువ్వెవరని నిలదీసిన చోట కూడా స్త్రీని అడుగుతున్నది వంశవృక్షమే. నువ్వెవరి కూతురివి? దానికి కాగితమేది? ఈ ప్రశ్న ముందు నోరు పెగలని స్త్రీలు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు అమ్మానాన్నలు లేక కాదు, వాళ్ల పేర్లు రాసిపెట్టే అవసరం ఎవరికీ కలగలేదు గనుక.

నాది రుద్రూర్. బోధన్ నుంచి వర్ని మీదుగా బాన్సువాడ వెళ్లే దారిలో ఉంటుంది. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ మా ప్రాంతాన్ని మార్చేసింది. 2,75,000 ఎకరాలకు నీళ్లివ్వాలన్న లెక్కతో కట్టారు దాన్ని. కాలువలు పారాక కృష్ణా, గోదావరి ప్రాంతాల రైతులు కుటుంబాలతో తరలివచ్చారు. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టాక చెరకు సాగు పెరిగింది, వచ్చేవాళ్లూ పెరిగారు. వాళ్లు దిగిన చోట్ల ఊరి పేరు చివర 'క్యాంపు' అన్న మాట నేటికీ నిలిచి ఉంది. మా నాన్న తాతగారి కుటుంబం కూడా అలా వచ్చిందే.

ఇవాళ మనకది బస్సెక్కి వచ్చే దూరం. ఆనాడు మాత్రం బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాష్ట్రం నుంచి నిజాం రాజ్యంలోకి రావడం. ఇక్కడ చెల్లే నాణెం హాలీ సిక్కా, దఫ్తరు నడిచేది ఉర్దూలో. అంటే మావాళ్లు అక్షరాలా పరదేశం నుంచి వచ్చినవాళ్లే. అందుకే మా ఇంటి చరిత్ర వెతకడం మొదలుపెడితే రెండు రాజ్యాల కాగితాలు, రెండు భాషల లిపులు అడ్డం వస్తాయి. పైగా పాలన హద్దులు మారుతూ వచ్చాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మొన్న 2016లో వర్ని మండలం నుంచి విడిపోయి రుద్రూరే ఒక మండలమైంది. బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది, మేం నిజామాబాద్ జిల్లాలోనే మిగిలాం. ఏ కాలం కాగితం ఏ దఫ్తరులో ఉందో తెలుసుకోవడమే సగం పని.

అయినా మా ఇంట్లో మగవాళ్ల వరస కట్టడం కష్టం కాలేదు. నాన్న, తాత, ముత్తాత, ఆయన తండ్రి అని నాలుగు తరాల పేర్లు ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. పహాణీలో ఉన్నారు, శిస్తు రసీదుల్లో ఉన్నారు, పెద్దలకు తర్పణాలిచ్చేటప్పుడు తలచుకునే పేర్లలో ఉన్నారు. మరి ఆ ముత్తాత వెంట కట్టుబట్టలతో, సంక పిల్లతో రాజ్యం దాటి వచ్చిన మా తాతమ్మ పేరేమిటి? ఇంట్లో ఎవరినడిగినా తెలియదు. కాపురానికి వచ్చినప్పుడు కొత్త కోడలు. పిల్లలు పుట్టాక ఫలానా వాళ్లమ్మ. క్యాంపుకు వచ్చాక ఇరుగుపొరుగు వాళ్లకు కిష్ణాజిల్లామె. చివరి రోజుల్లో ముసలమ్మ. నాలుగు పేర్లతో బతికిన మనిషికి సొంత పేరు లేకుండా పోయింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఎవరింట్లో వాళ్లు ఒకసారి ప్రయత్నించి చూడండి. తండ్రి తాత పేరు చెప్పగలిగిన వాళ్లలో ఎంతమంది తల్లి అమ్మమ్మ పేరు చెప్పగలరు? ఆమె ఇంటిపేరు ఎంతమందికి తెలుసు? పిచ్చిగుంట్లవాళ్లు కులాల ఇంటిపేర్లు, గోత్రాలు నోటికి చెప్పి బతికారు. వాళ్లు కాపాడిన జ్ఞాపకం గొప్పదే. కానీ ఆ గోత్రమూ ఇంటిపేరూ తండ్రి నుంచి కొడుక్కే పోతాయి కదా. ఆడపిల్ల ఒక ఇంటిపేరుతో పుట్టి ఇంకో ఇంటిపేరుతో పోతుంది. కొన్ని ఇళ్లలో పెళ్లినాడే ఆమె పేరు కూడా మార్చేస్తారు. అలాంటప్పుడు వెనక్కి వెళ్లే దారి ఎక్కడ దొరుకుతుంది?

వలస అనగానే మనం కూలికో వ్యాపారానికో పోయిన మగవాళ్లను తలచుకుంటాం. నిజానికి మన దేశంలో స్త్రీలు ఊరు మారడానికి అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్లి అని 2011 జనాభా లెక్కలే చెబుతున్నాయి. అత్తవారి ఊళ్లో ప్రతి కోడలూ వలస మనిషే. కాకపోతే ఆమెను ఎవరూ వలస వచ్చినామె అనరు, ఆమె ఎక్కణ్నుంచి వచ్చిందో ఎక్కడా రాయరు. రాజ్యాలు కూడా ఇదే పద్ధతి పాటించాయి. నిజాం ప్రభుత్వం 1919లో పెట్టిన ముల్కీ నిబంధనల్లో ఎవరు స్థానికులో చెప్పారు. పుట్టుకతోనో, పదిహేనేళ్ల నివాసంతోనో ముల్కీ కావచ్చు. స్త్రీకి ఇంకో దారి కూడా రాశారు, ముల్కీకి భార్య అయితే చాలు. అంటే ఆమె ఏ నేలకు చెందిన మనిషో చెప్పాల్సింది ఆమె మొగుడు.

పేరు దొరకని పూర్వీకుల కోసం వెతుకులాట మనకంటే ముందు సముద్రాలు దాటిన తెలుగువాళ్ల వారసులు మొదలుపెట్టారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నాటాల్‌లోని డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు లక్షన్నర మందికి పైగా కూలి ఒప్పందం మీద నాటాల్ వెళ్లారు. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లు చాలామంది. మారిషస్‌కు 1834 నుంచి వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లకు కోరంగి రేవు మీదుగా కోరంగీలన్న పేరే వచ్చింది. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకీ వెళ్లాయి.

ఆ ఓడల జాబితాల్లో ప్రతి కూలికీ ఒక నంబరు, దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాశారు. ఒంటి మీది గుర్తులు కూడా రాశారు. ఆడవాళ్లకూ అంతే. నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన వల్ల స్త్రీలు కూడా వేల సంఖ్యలో ఓడలెక్కారు. మొగుడితో వెళ్లినవాళ్లున్నారు, మొగుణ్ని వదిలేసి వెళ్లినవాళ్లున్నారు, వితంతువులున్నారు, ఒంటరిగా వెళ్లినవాళ్లున్నారు. గుమాస్తాలు తమ చెవికి తోచినట్టు రాయడం వల్ల ఊళ్ల పేర్లు గుర్తుపట్టలేనంతగా మారాయి. తండ్రి పేరో, కులం చివర పెట్టుకునే మాటో తర్వాతి తరాలకు ఇంటిపేరై కూర్చుంది. అయినా ఇవాళ డర్బన్‌లో ఒక మనుమరాలు కాగితాలు తిరగేస్తే తన పెద్దల్లో ఒక స్త్రీ పేరు, ఆమె తండ్రి పేరు, ఆమె పుట్టిన ఊరు చూసే అవకాశం ఉంది. మారిషస్‌లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ రికార్డులను, వాటిలో కొందరి ఫొటోలతో సహా, భద్రపరిచింది.

ఇది చూసి తెల్లదొరలు స్త్రీని గౌరవించారని ఎవరూ అనుకోనక్కరలేదు. పారిపోతే పట్టుకోవడానికి, ఒప్పందం ప్రకారం చెరకు తోటల్లో పని పిండుకోవడానికి రాసుకున్న రాతలవి. ఆ తోటల్లో స్త్రీలు పడ్డ హింస తక్కువది కాదు. 1917లో కూలి ఎగుమతి ఆగిపోవడానికి ఆ హింస మీద దేశమంతా లేచిన నిరసన ఒక ముఖ్య కారణం. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. స్త్రీని కూలిగా లెక్కపెట్టిన చోట ఆమె పేరు మిగిలింది. కోడలిగా, ఇల్లాలిగా కొలిచిన చోట మిగల్లేదు. మనవాళ్లు పదేపదే చెప్పే కుటుంబ గౌరవం లోపల ఉన్నదేమిటో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మా జిల్లాలోనే చూడండి. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే స్త్రీలు ఇంటింటా ఉన్నారు. వాళ్లలో ఎందరికో సొంత పేరుతో ఉన్న మొదటి కాగితం బీడీ కార్ఖానా ఇచ్చిన కార్డు, పీఎఫ్ నంబరు. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ పీఎఫ్ నంబరునే చూసింది. అయితే అత్త కార్డు మీద కోడలు, కూతురు కూడా కూచుని చుట్టిన ఇళ్లు ఎన్ని లేవు? ముగ్గురి వేళ్లు అరిగాయి, పేరు ఒక్కరిదే పడింది. మిగిలిన ఇద్దరి పని ఎక్కడా రాయబడలేదు.

సెట్లర్ల ఇళ్లలో స్త్రీల పేర్లే ఇలా మాయమైతే, ఆ పొలాల్లో నాట్లు వేసిన, కలుపు తీసిన దళిత స్త్రీల సంగతేమిటి? నిజాంసాగర్ కాలువల మట్టి తట్టల్లో మోసిన వడ్డెర స్త్రీల సంగతేమిటి? మావాళ్లకు కనీసం పట్టా కాగితం మీద మొగుడి పేరుంది. భూమే లేని ఇంట్లో మొగుడి పేరు కూడా ఏ కాగితంలోనూ దొరకదు. ఊరంతా తిరిగి ముసలివాళ్లను అడుగుతున్నప్పుడు ఒక అవ్వ నాతో అన్నది, 'మాకు భూములా జాగలా బిడ్డా, మా పేర్లు ఎవలు రాస్తరు? మేస్త్రి తల లెక్కవెట్టుకునేటోడు' అని. వంశవృక్షం గురించి మనం మాట్లాడేటప్పుడు ఆ మాట గుర్తు పెట్టుకోవాలి. కాగితం ఎప్పుడూ ఆస్తి వెంట నడిచింది. ఆస్తి లేనివాళ్లను, అందులోనూ స్త్రీలను అది పట్టించుకోలేదు.

పేరు లేకపోతే పోయేదేమిటి? చరిత్రే జవాబు చెబుతోంది. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా రాసేటప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, చాలామంది స్త్రీలు పరాయి మగవాళ్లకు పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించారు. పేరు లేని ఓటరు ఉండకూడదని ఎన్నికల సంఘం నిర్ణయించడంతో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితా నుంచి పోయారు. స్వతంత్ర దేశపు తొలి ఓటు వాళ్లకు దక్కలేదు.

అది పాత కథ అనుకుందామా? అస్సాంలో పౌరుల రిజిస్టరు తయారుచేసినప్పుడు ప్రతి మనిషీ 1971 మార్చి 24 లోపటి పెద్దలతో తనకున్న రక్తసంబంధం చూపించాల్సి వచ్చింది. వంశవృక్షాల తనిఖీ అని అధికారులు ప్రత్యేకంగా చేశారు కూడా. చిన్న వయసులో పెళ్లయి వేరే ఊరికి పోయిన, బడి మొహం చూడని స్త్రీకి తండ్రితో సంబంధం చూపే కాగితం ఎక్కడిది? పంచాయతీ కార్యదర్శి ఇచ్చే ధ్రువపత్రమే లక్షల మంది ఆడవాళ్లకు దిక్కయింది. అది చెల్లదని 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు అన్నది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, విచారణ జరిపి తీసుకోవచ్చని చెప్పింది. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. 2025లో బీహారులో ఓటర్ల జాబితా సవరించినప్పుడూ 2003 నాటి జాబితాను ఆధారం చేసుకున్నారు. ఆ జాబితాలో తమ పేరు లేని కోడళ్లు పుట్టింటి ఊరి జాబితాలో తల్లిదండ్రుల పేర్లు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇలాంటి పరీక్ష ఎక్కడ పెట్టినా మగవాడు ఉన్న ఊళ్లోనే కూర్చుని పాస్ అవుతాడు. ఆడది పుట్టింటి దాకా నడవాలి.

ఆస్తి దగ్గరికి వద్దాం. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర సవరణ, ఆనాటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని, అది పుట్టుకతో వచ్చే హక్కని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం ఇంత దూరం వచ్చింది. మరి ఊళ్లో ఏం జరుగుతున్నది? ఇంటి పెద్ద పోగానే ఫౌతి, విరాసత్ అంటూ కాగితాలు కదులుతాయి. కుటుంబ సభ్యుల వివరం రాసేటప్పుడు కొడుకుల పేర్లు వరసగా పడతాయి. కూతుళ్లు పెళ్లయిపోయిన వాళ్లు కదా అని వదిలేస్తారు. పహాణీలు పోయి 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పుస్తకం పోయి కంప్యూటరు వచ్చినా, వారసులెవరని అడిగినప్పుడు జవాబు చెప్పేది అన్నదమ్ములే అయితే కంప్యూటరు మాత్రం ఏం చేస్తుంది? చెరిపేసిన పేరుతో పాటు ఎకరాలు కూడా చెరిగిపోతాయి. మా దగ్గరికి వచ్చే భూమి తగాదాల్లో ఎన్నో ఈ ఒక్క కాగితం దగ్గరే మొదలవుతాయి.

కాబట్టి ఈ వెతుకులాట మన పనుల్లో ఒకటి కావాలని నేనంటాను. ఎలా వెతకాలన్నది నేను నేర్చుకున్నంత వరకు చెబుతాను.

మొదట ఇంట్లో, వాడలో అందరికంటే పెద్ద స్త్రీల దగ్గర కూర్చోవాలి. మీ వంశం ఏమిటి అని అడిగితే వాళ్లు మగవాళ్ల పేర్లే చెబుతారు. ప్రశ్న మార్చాలి. మీ అమ్మ పురిటికి ఏ ఊరు పోయేది? సారె ఎవరు తెచ్చారు? మీ అమ్మకు అక్కచెల్లెళ్లెంతమంది, వాళ్లను ఏ ఊళ్లకు ఇచ్చారు? పండక్కి పుట్టింటి నుంచి తీసుకుపోవడానికి ఎవరు వచ్చేవారు? ఇలా అడిగితే ఊళ్లకు ఊళ్లు బయటికొస్తాయి. తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను స్త్రీశక్తి సంఘటన ఇలాగే కూర్చోబెట్టి మాట్లాడించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. ఆ పద్ధతి ఉద్యమాలకే గాక ఇంటికి కూడా పనికొస్తుంది.

తర్వాత వస్తువులు చూడాలి. సారెలో ఇచ్చిన ఇత్తడి బిందెల మీద, గంగాళాల మీద పేర్లు చెక్కించడం మనకు అలవాటు. మా అటక మీది బిందె మీద మా తాతమ్మ తండ్రి ఇంటిపేరు, ఊరు దొరికాయి. ఆమె పేరు మాత్రం ఆ బిందె మీద కూడా లేదు. ఇచ్చినవాడి పేరు చెక్కారు, అందుకున్నదాని పేరు చెక్కలేదు. అయినా ఊరు తెలియడం చిన్న విషయం కాదు. పసుపు కుంకుమ కింద కూతురికి భూమి రాసిచ్చిన ఇళ్లలోనైతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు దొరకవచ్చు. అందులో ఆమె పేరు తప్పకుండా ఉంటుంది.

మూడోది, పేర్లు పెట్టే ఆచారం. మనుమరాలికి నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో పెట్టడం మనకుంది. కానీ అత్తగారి పేరు కోడలి నోట రాకూడదు కనుక ఆ పిల్లను ఇంట్లో ఏ పాపాయి అనో చిట్టి అనో పిలుస్తారు. అసలు పేరు బడి రిజిస్టరులోనే మిగిలిపోతుంది. తొంభై ఏళ్ల మా పెద్ద మేనత్తను ఇల్లంతా పాపాయి అనే అంటుంది. ఆమె చదివిన బడి పత్రంలో వేరే పేరుంది. 'అది మా నాయనమ్మ పేరే, అమ్మ ఎప్పుడూ పలకలేదు' అని ఆమె చెప్పినప్పుడు మా తాతమ్మకు పేరు తిరిగొచ్చింది. పేరును నోట పలకనివ్వని కట్టుబాటే ఆ పేరును ఎనభై ఏళ్లకు పైగా ఒక కాగితంలో దాచింది.

నాలుగోది సర్కారు రికార్డులు. 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారు, కాబిజు గడులను ఓపికగా చదవాలి. వితంతువులు అక్కడక్కడా కనబడతారు. పాత సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి. ఆ లిపిలో హ్రస్వ అచ్చులు రాయరు గనుక ఒకే పేరును మూడు రకాలుగా చదవవచ్చు. చదవగల పెద్దవాళ్ల సాయం తప్పదు. నిజాం కాలపు దఫ్తర్లు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో ఉన్నాయి. మద్రాసు రాష్ట్రం నాటివి చెన్నై ఎగ్మోరులో ఉన్నాయి. జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు మాత్రం దొరుకుతాయని ఆశపడొద్దు, వాటిని చూడనివ్వడానికి చట్టం ఒప్పుకోదు.

ఇదంతా ఒక్కొక్కరు ఇంట్లో కూర్చుని చేసేది కాదు. మన సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పొదుపు సంఘం పుస్తకంలో సభ్యురాలి పేరు పక్కన భర్త పేరుతో పాటు తల్లి పేరు, పుట్టిన ఊరు రాయడం రేపటి సమావేశంలోనే మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పెళ్లయి వెళ్లే ప్రతి ఆడపిల్ల చేతికి ఆమె జనన ధ్రువపత్రం, బడి పత్రాల నకళ్లు ఇప్పించాలి. పెళ్లిని రిజిస్టరు చేయించాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో పెళ్లయిన, పెళ్లి కాని కూతుళ్లందరి పేర్లు రాసిందీ లేనిదీ గ్రామసభలో చదివి వినిపించాకే ఇవ్వాలని మనం అడగాలి. వారసత్వపు విచారణలో కూతుళ్లకు వాళ్లున్న ఊరికే నోటీసు చేరాలని పట్టుబట్టాలి. పౌరసత్వానికో ఓటుకో పాత కాగితాలు అడిగే ఏ పద్ధతి వచ్చినా, అది పెళ్లితో ఊరు మారిన స్త్రీ మీద ఎంత బరువు వేస్తుందో ముందే లెక్క చెప్పమని ప్రభుత్వాన్ని నిలదీయాలి.

'పోయినోళ్ల పేర్లు తవ్వితే ఏమొస్తది' అని అడిగేవాళ్లుంటారు. పోయినవాళ్ల పేర్లతోనే భూములు పంచుకుంటున్నారు, ఓట్లు ఇస్తున్నారు, తీసేస్తున్నారు. ఆ లెక్కలో మగవాళ్ల పేర్లు చెల్లుతున్నప్పుడు మన అవ్వల, అమ్మమ్మల పేర్లు ఎందుకు చెల్లవు? ఈ సంచిక చేతిలో ఉన్న ప్రతి ఒక్కరూ తల్లి పేరు, ఆమె తల్లి పేరు, ఆమె తల్లి పేరు ఒక కాగితం మీద రాసి చూడండి. ఎక్కడ ఖాళీ వస్తుందో అక్కడే మన పని మొదలవుతుంది. అడిగితే చెప్పగల పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లు ఉండగానే అడగాలి.